నేను నింపిన ఫారం, ఒఫీలియా అడిగిన ప్రశ్న

శ్రేయా, నా కుర్చీలోకి నువ్వు వచ్చిన వారం, "ఆంటీ, ఈ జాబ్‌లో యాక్చువల్‌గా ఏం చేయాలో రాసి ఇవ్వండి, హ్యాండ్‌బుక్ చదివితే ఏమీ అర్థం కాలేదు" అన్నావు. ఆ హ్యాండ్‌బుక్‌లో సగం రాసింది నేనే. అది అర్థం కాకపోవడంలో నీ తప్పేమీ లేదు. అందుకే మళ్ళీ రాస్తున్నాను, ఈసారి తెలుగులో. నీకు తెలుగు చదవడం రాదని తెలుసు. మీ అమ్మగారి చేత చదివించుకో. ఆవిడ కూడా వినాలనే నా ఉద్దేశం.

నాకు ప్రమోషన్లు రెండే వచ్చాయి, వాటి గురించి చెప్పుకోడానికి ఏమీ లేదు. ఇరవై రెండేళ్ళలో నాకు నిజంగా ఏదైనా నేర్పిన మనుషులు ఇద్దరు. ఒకరు మా బాస్ గ్లోరియా. ఇంకొకరు ఒఫీలియా, ఒక తల్లి. నేర్పిన తప్పులు మాత్రం చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి ఈ రోజుకీ మరిచిపోలేదు.

ఆ స్పానిష్ వాళ్ళ మధ్య నీకేం పని

బాపట్ల దగ్గర పుట్టి, తెనాలిలో ఒక మిషన్ స్కూల్లో ఆరేళ్ళు లెక్కలు చెప్పి, పెళ్ళయ్యాక ఆయన ఉద్యోగం వెంట అమెరికాలో ఈ శాంటా క్లారా వచ్చాను. డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చుని పిచ్చెక్కుతుంటే, నా ఇంగ్లీష్ ఇక్కడివాళ్ళకు అర్థమయ్యేలా చేసుకుందామని, పెద్దవాళ్ళకు ఇంగ్లీష్ నేర్పే అడల్ట్ స్కూల్లో చేరాను. ఆ క్లాసులో నేను తప్ప అందరూ మెక్సికో, ఎల్ సాల్వడోర్ ఆడవాళ్ళే. రెండేళ్ళు తిరిగేసరికి నా ఇంగ్లీష్ ఎక్కడున్నది అక్కడే ఉంది, స్పానిష్ మాత్రం వచ్చేసింది. వర్క్ పర్మిట్ రాగానే వాళ్ళలో ఒకామె నన్ను గ్లోరియా దగ్గరికి లాక్కెళ్ళింది.

ఆఫీసు నీకు తెలిసిందే. ఒక పక్క ఎవరి బట్టలు వాళ్ళే మిషన్‌లో వేసుకుని ఉతుక్కునే లాండ్రీ, ఒక పక్క రొట్టెల దుకాణం, మధ్యలో మనం. పని ఏమిటంటే, ఈ చుట్టుపక్కల ఉండే, స్పానిష్ మాట్లాడే లాటినో కుటుంబాలకు బడి సంగతులు, క్లినిక్ సంగతులు, కాలేజీ దరఖాస్తులు తెలియజెప్పడం. ఊళ్ళో ఏ మీటింగులో తమ గురించి ఏం నిర్ణయిస్తున్నారో చెప్పి, అక్కడికి వెళ్ళి మాట్లాడేలా చేయడం.

మా తెలుగు చర్చిలో ఇది చాలామందికి మింగుడుపడలేదు. "సుగుణమ్మా, మనవాళ్ళకే బోలెడు అవసరాలుంటే ఆ స్పానిష్ వాళ్ళ మధ్య నీకేం పని?" అని ఒక పెద్దాయన అందరి ముందే అడిగారు. ఆదివారం క్యాథలిక్ గుడి బయట మరియమ్మ బొమ్మ పక్కన టేబుల్ వేసుకుని కూర్చుంటానని తెలిశాక ప్రార్థనలో నా పేరు కూడా కలిపారు. ప్రార్థన మంచిదే, వద్దనలేదు. మనవాళ్ళకు అవసరాలు లేవని కాదు. కానీ మనవాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఏ స్కూలు మంచిది, ఏ టీచరు ఎలాంటిది, ఏ ఫారంలో ఏం రాయాలి, అన్నీ అందులో దొరుకుతాయి. ఆ గ్రూపు లేనివాళ్ళకు గ్రూపులా ఉండడమే మన ఉద్యోగం.

ముప్పై కుర్చీలు

నా మొదటి సభ గురించి చెప్తాను. కాలేజీకి ఎలా సిద్ధం కావాలో తల్లిదండ్రులకు చెప్పే సభ. రెండు వారాలు ఇల్లిల్లూ తిరిగి కాగితాలు పంచాను. తలుపు తీసిన ప్రతివాళ్ళూ నవ్వుతూ "తప్పకుండా వస్తాం, దోన్యా సుగుణా" అన్నారు. దోన్యా అంటే వాళ్ళలో పెద్దావిడని గౌరవంగా పిలిచే మాట. ఆ పిలుపుకు పొంగిపోయి ముప్పై కుర్చీలు వేయించాను, పెద్ద గిన్నెడు పులిహోర కలిపాను. వచ్చింది ముగ్గురు. వాళ్ళలో ఒకాయన లాండ్రీ అనుకుని వచ్చాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "వస్తామన్నారుగా! రానప్పుడు రామని చెప్పొచ్చుగా!" అని గ్లోరియా మీద అరిచాను, ఏదో ఆవిడే రానట్టు.

గ్లోరియా టెక్సస్‌లో పుట్టిన మనిషి. పొలాల్లో కూలికి తిరిగిన కుటుంబం. ఆవిడకు కోపం రాదు, వచ్చినా కనపడదు. పులిహోర ఇంత పెట్టుకుని తింటూ, "మీ ఇండియాలో మొహమాటానికి వస్తామని చెప్పి మానేసేవాళ్ళు లేరా, సుగుణా?" అంది.

లేకేం. మా మేనత్త నలభై పెళ్ళిళ్ళకు వస్తానని చెప్పి ఒక్కదానికీ వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడిన మనిషి మొహాన రానని చెప్పడం మర్యాద కాదని మనకూ తెలుసు. తెలిసి తెలిసి కూడా అమెరికన్ ఆఫీసుదానిలా కాగితం ఇచ్చి, జవాబు రాసుకుని వచ్చేశాను.

"వాళ్ళను పిలిచింది నువ్వు కాదు, నీ పేపర్" అంది గ్లోరియా. "మొదటిసారి ఇంటికెళ్ళేటప్పుడు చేతిలో పేపర్ ఉండకూడదు. కూర్చో. పెట్టింది తిను. వాళ్ళ పిల్లల పేర్లు అడుగు. పేపర్ మూడోసారి తీసుకెళ్ళు."

ఆ తర్వాత నుంచి నా ఆఫీసు లాండ్రీ అయింది. మిషన్ తిరిగినంతసేపూ ఎవరూ ఎక్కడికీ పోలేరు. పక్కన కూర్చుని దుప్పట్లు మడతపెట్టడంలో సాయం చేస్తూ ఊరి కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఈ ఉద్యోగంలో నేను చేసిన మంచి పనులన్నీ ఒక చివర నేను, ఒక చివర ఇంకో ఆడమనిషి దుప్పటి పట్టుకుని నిలబడినప్పుడు మొదలైనవే.

గ్లోరియా మధ్యలో రెండేళ్ళు సెలవు పెడితే ఒక కొత్త డైరెక్టర్ వచ్చాడు. చురుకైన కుర్రాడు, మనసు మంచిదే. టీముకు గుర్తింపు ఉండాలని అందరికీ ముదురు నీలం జాకెట్లు కుట్టించాడు, వీపు మీద తెల్లటి పెద్ద అక్షరాలతో. ఆ వారం మేము వెళ్ళిన అపార్ట్‌మెంట్లలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. లోపల టీవీ మోగుతోంది, మేము తట్టగానే ఆగిపోతోంది. దూరం నుంచి మేము, వీసా కాగితాలు లేనివాళ్ళను పట్టుకుపోయే ఇమ్మిగ్రేషన్ వాళ్ళలా కనపడ్డామని అర్థం కావడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. ఈ మధ్య ఆ భయం ఇంకా పెరిగింది. కాబట్టి శ్రేయా, నీ పూల చొక్కాలే వేసుకుని వెళ్ళు, బాగుంటాయి.

నా చేతిరాత

ఇప్పుడు అసలు తప్పు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కాదు, అన్నీ వచ్చేశాయనుకున్న రోజుల్లో చేశాను. ఒక స్కూల్లో కిండర్‌గార్టెన్ రిజిస్ట్రేషన్. ఫారాలు నింపలేని తల్లిదండ్రులకు నింపి పెట్టడానికి నేను టేబుల్ దగ్గర కూర్చున్నాను. ఒఫీలియా వచ్చింది. మెక్సికోలోని మిచువకాన్ నుంచి వచ్చిన మనిషి. సన్నీవేల్‌లో ఒక టెక్ కంపెనీ క్యాంటీన్‌లో కూరలు తరిగే పని. మన ఇంజనీర్లు మధ్యాహ్నం తినే సలాడ్ ఆవిడ చేతి మీదుగా వెళ్ళేది. ఆవిడ లంగా వెనక ఐదేళ్ళ నయెలి, కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా దాక్కుని ఉంది.

ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని. నా కొడుకు ప్రశాంత్‌ను స్కూల్లో చేర్చేటప్పుడు చర్చి స్నేహితురాలు ఫోన్ చేసి మరీ హెచ్చరించింది: "వదినా, అక్కడ తెలుగు అని రాయొద్దు. ఇంగ్లీష్ అని రాసేయ్. లేకపోతే టెస్ట్ పెట్టి, ఇంగ్లీష్ రాని పిల్లల లిస్టులో పడేస్తారు. ఇంక అందులోంచి బయటికి లాగలేక చస్తాం." నేను ఇంగ్లీష్ అని రాశాను. మా ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడింది టీవీ ఒక్కటే. ఈ సిలికాన్ వ్యాలీలో మనవాళ్ళు పిల్లల్ని చేర్చేటప్పుడు ఒకరికొకరు చెప్పుకునే మొదటి రహస్యం ఇదే.

ఒఫీలియా దగ్గరికి వచ్చేసరికి ఆ రహస్యం నాకు గుర్తు రాలేదు. కాదు, నిజం చెప్పాలి. గుర్తొచ్చింది. కానీ ఈ పిల్లకు ఉచితంగా అదనపు సాయం దొరుకుతుంది కదా, పేదవాళ్ళు కదా, మంచిదే కదా అనుకున్నాను. నా కొడుక్కి వద్దనుకున్నది ఆవిడ కూతురికి మేలనుకున్నాను. స్పానిష్ అని గుండ్రంగా రాసి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించి, ఆఫీసు ఫ్లయర్ ఒకటి ఆవిడ చేతిలో పెట్టి, "నెక్స్ట్" అన్నాను.

తొమ్మిదేళ్ళు గడిచాయి. ఒఫీలియా నాకు లాండ్రీలో స్నేహితురాలయింది. నయెలి రోజూ బడి అయ్యాక మన ఆఫీసులో హోంవర్క్ చేసుకునేది. పక్షులంటే ప్రాణం. సముద్రపు బే ఒడ్డున బురద నేలల్లోకి వచ్చే కొంగలన్నిటి పేర్లూ నాకు ఆ పిల్లే చెప్పింది, ఇంగ్లీష్‌లో ఒకటి, స్పానిష్‌లో ఒకటి. ఒకరోజు పుస్తకాల సంచి టేబుల్ మీద పడేసి, ఏడవకూడదని పళ్ళు బిగబట్టి నిలబడింది.

"దోన్యా సుగుణా, నైన్త్ గ్రేడ్‌లో నాకు బయాలజీ లేదంట. ఆ పీరియడ్‌లో ఇంగ్లీష్ సపోర్ట్ క్లాస్ పెట్టారు. నాకు ఇంగ్లీష్ రాదంట. ఆ మాట కౌన్సెలర్ నాకు ఇంగ్లీష్‌లోనే చెప్పింది, నేను ఇంగ్లీష్‌లోనే ఎందుకని అడిగాను."

బయాలజీ తొమ్మిదిలో తప్పితే ఆ పైన ఉండే సైన్సు క్లాసులన్నీ ఒక్కో ఏడాది వెనక్కి జరుగుతాయి. కొన్ని అసలు అందవు. కాలేజీలో ఆ చదువు చదవాలనుకునే పిల్లకు అది చిన్న విషయం కాదు. ఆగస్టులో టైంటేబుల్ ఖాయం చేసేలోపు ఏదో ఒకటి జరగాలి.

ఒఫీలియా సంతకంతో అనుమతి తీసుకుని స్కూలుకు వెళ్ళాను. కౌన్సెలర్ మర్యాదగల అమ్మాయి, ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది. మొట్టమొదటి కాగితం తిప్పగానే నా చేతిరాత. మిషన్ స్కూలు బోర్డు మీద రాసి రాసి అలవాటైన ఆ గుండ్రటి అక్షరాలు ఇంకెవరివీ కావు. స్పానిష్ అని. ఐదేళ్ళ వయసులో టెస్ట్ పెట్టినవాళ్ళ ముందు నయెలి సిగ్గుపడి నోరు విప్పలేదు. అక్కడి నుంచి ఏటేటా అదే జాబితాలో ఉంది. జాబితాలోంచి తీయాలంటే టెస్ట్ మార్కులు ఉండాలి, టీచరు అభిప్రాయం రాయాలి, తల్లితో ఒకసారి కూర్చుని మాట్లాడాలి. మార్కులు ఆరో తరగతిలో చదివే భాగంలో కొంచెం తగ్గాయి, తర్వాత ఏడాది వచ్చేశాయి. మిగతా రెండూ ఎవరూ చేయలేదు. అడిగినవాళ్ళు లేరు.

ఫైలు మూసి ఆఫీసుకు తిరిగొచ్చాను.

ఏది తప్పు

ముందు గ్లోరియాకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. "నీ కొడుకు పేపర్‌లో అబద్ధం రాశావు, ఆ పిల్ల పేపర్‌లో నిజం రాశావు. నిజం రాయడం తప్పు కాదు" అంది.

"మరి?"

"రాసి వెళ్ళిపోవడం తప్పు. నీ కొడుక్కి ఏదైనా తేడా వస్తే నువ్వేం చేసేదానివి?"

"స్కూల్లో కూర్చునేదాన్ని. ప్రిన్సిపాల్‌కు వారానికి మూడు ఈమెయిల్స్ పెట్టేదాన్ని."

"ఆ సంగతి ఒఫీలియాకు చెప్పావా? ఇలా కూర్చోవచ్చని, అడగొచ్చని? ఆ రోజు నీ ఫోన్ నంబర్ అయినా ఇచ్చావా?"

"ఆఫీసు ఫ్లయర్ ఇచ్చాను" అన్నాను. దాని మీద నా పేరూ లేదు, నంబరూ లేదు.

ఒఫీలియాకు చెప్పడం రెండు వారాలు వాయిదా వేశాను. ఆ రెండు వారాలూ పోయిన సమయం నయెలిది, నాది కాదు. అది కూడా నా ఖాతాలోనే వేసుకోవాలి. చివరికి శనివారం పొద్దున లాండ్రీలో, తడి బట్టలు డ్రయర్‌లో వేసి వచ్చాక, అంతా చెప్పేశాను. నా కొడుకు ఫారం సంగతితో సహా.

డ్రయర్ ఆగగానే ఒఫీలియా లేచింది. దుప్పటి తీసింది. ఒక కొస నాకు అందించింది. ఇద్దరం మడతపెట్టాం. ఆవిడ స్పానిష్ నా చెవికి ఎప్పుడూ మా బాపట్ల వైపు మాటలాగే వినపడేది, అలాగే రాస్తాను.

"నేను చెప్పిందేగా రాశావు. మా ఇంట్లో మాట్లాడేది స్పానిషే. అందులో నాకేం సిగ్గులేదు. కానీ అడిగితే తీసేస్తారని నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే" అన్నాను.

"మీ వాడికి ఇంగ్లీష్ అని రాశావుగా. ఇప్పుడు మీ భాష మాట్లాడతాడా?"

"అర్థం చేసుకుంటాడు. మాట్లాడడు. వాళ్ళ నాయనమ్మతో ఫోన్‌లో హలో అని నాకిచ్చేస్తాడు."

ఒఫీలియా నా వైపు చూసింది. కోపంతో కాదు, నా మీద జాలితో. నాకు ఏడుపొచ్చింది. వచ్చిందని రాయడానికి ఈ వయసులో సిగ్గేమిటి.

పంతులమ్మను అడగడం

కానీ స్కూలుకు వెళ్ళి అడుగుదామంటే ఒఫీలియా ఒప్పుకోలేదు. "పంతులమ్మ చదువుకున్న మనిషి. నా కూతురి మంచి కోసమేగా చేస్తోంది. ఆవిడ ముందు కూర్చుని ఎందుకిలా చేశావని అడిగితే ఎంత అవమానం!"

నవ్వొచ్చింది నాకు. తెనాలిలో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులూ ఇదే మాట అనేవాళ్ళు. మీరేం చేసినా సరే టీచరుగారూ, అని చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. అప్పుడు ఆ గౌరవం నాకు ఎంత బాగుండేదో! దానివల్ల వాళ్ళ పిల్లలకు ఏం పోయిందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

"నేను మాట్లాడతాను, నువ్వు పక్కన కూర్చో చాలు" అన్నాను. ఈ మాట గ్లోరియా చెవిన పడింది. "నువ్వు మాట్లాడితే నయెలి ఒక్కతే బయటపడుతుంది. ఒఫీలియా మాట్లాడితే ఒఫీలియా కూడా బయటపడుతుంది. ఆ గదిలో నువ్వు నోరు తెరిచావంటే నీ జాబ్ పీకేస్తా" అంది. నవ్వుతూనే అంది గానీ, నమ్మదగ్గ నవ్వు కాదు.

వారం రోజులు లాండ్రీలో రిహార్సల్ చేశాం. నేను వైస్ ప్రిన్సిపాల్‌ని. కుర్చీలో వెనక్కి వాలి గడియారం చూస్తూ కూర్చునేదాన్ని. మొదటి రోజు ఒఫీలియా ఎదురుగా కూర్చుని కిసుక్కున నవ్వేసింది. మూడో రోజుకు పక్కన బట్టలు ఉతుక్కునే ఆడవాళ్ళు చేరి, "అలా కాదు, ఇలా అడుగు" అని సలహాలిచ్చారు. ఐదో రోజుకు నాకే ఆవిడంటే భయం వేసింది.

ఇంకో సంగతి. తల్లి మాటలు తర్జుమా చేయడానికి పిల్లను వాడొద్దు. ఎప్పుడూ వాడొద్దు. దుబాసీని పెట్టమని స్కూల్ని ముందుగానే అడిగాం, పెట్టారు. నయెలిని బయట బెంచీ మీద కూర్చోబెట్టాం.

గదిలో వైస్ ప్రిన్సిపాల్, కౌన్సెలర్, ఇంగ్లీష్ టీచరు. ఒఫీలియా క్యాంటీన్ నుంచి సరాసరి వచ్చింది, చేతుల మీద ఇంకా ఉల్లిపాయ వాసన ఉంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ముందు టీచరుకు కృతజ్ఞతలు చెప్పింది. నేను పక్కనే కూర్చున్నాను, నోరు తెరవలేదు.

"ఒక్క ప్రశ్న" అంది. "తొమ్మిదేళ్ళు అయింది. నా కూతురికి ఇంగ్లీష్‌లో ఇంకా రానిది ఏమిటో నాకు చూపించండి. చూపిస్తే ఇంట్లో కూర్చోబెట్టి నేర్పించుకుంటాను. చూపించలేకపోతే ఆ పిల్లను పక్షుల క్లాసుకు పంపండి."

దుబాసీ చెప్పడం పూర్తయింది. టీచరు ఫైలు ముందుకూ వెనక్కూ తిప్పింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నూట యాభై మంది పిల్లల మధ్య నోరెత్తని పిల్ల కాగితం అడుగున ఉండిపోయింది, అంతే. తలెత్తి, "చూపించడానికి ఏమీ లేదు. నేను రాయాల్సింది నేను రాయలేదు. నన్ను క్షమించండి" అంది.

ఆ వారంలోనే రాసింది. జూలై చివర్లో ఉత్తరం వచ్చింది. నయెలి పేరు ఆ జాబితాలోంచి తీసేశారు, బయాలజీలో వేశారు. నయెలి ఆ ఉత్తరం రెండు భాషల్లోనూ వాళ్ళమ్మకు గట్టిగా చదివి వినిపించింది. నేను లాండ్రీ బయట నిలబడి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను, తర్వాత లోపలికి వెళ్ళి అందరితో కలిసి కేకు తిన్నాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఒఫీలియా అనుకోలేదు. "ఆ క్లాసులో ఇంకా ఎంతమంది నయెలీలు ఉన్నారు?" అని అడిగింది. స్కూల్లో తల్లిదండ్రుల కమిటీ ఒకటి ఉంటుంది, అందులో కూర్చోవడానికి ఓటు హక్కు ఉండనక్కర్లేదు. ఒఫీలియా అందులో చేరింది. మొదటి సమావేశానికి జనాన్ని తనే పిలిచింది, లాండ్రీలో, చేతిలో కాగితం లేకుండా. నేను మళ్ళీ ముప్పై కుర్చీలే వేశాను. చాల్లేదు. కొందరు గోడకు ఆనుకుని నిలబడ్డారు, పులిహోర మొదటి వరసలోనే అయిపోయింది.

ఆ ఏడాది వాళ్ళు స్కూల్ బోర్డు ముందుకు వెళ్ళి మాట్లాడారు. ఇప్పుడు ఏటా ఇళ్ళకు వచ్చే ఉత్తరంలో మొదటి వాక్యం స్పానిష్‌లో ఉంటుంది: మీ పిల్లను ఈ జాబితాలోంచి తీయమని మీరు అడగవచ్చు. ఆ ఒక్క వాక్యం కోసం ఏడు నెలలు పట్టింది. రాయించినవాళ్ళ పేరు లేకుండా పోయే ఇలాంటి వాక్యాలే మన ఉద్యోగపు జీతం.

శ్రేయా, ఈ వసంతంలో

మిగతాది నువ్వు చూసిందే, కానీ మీ అమ్మగారి కోసం రాస్తున్నాను.

నీకు పని అప్పగించడానికి రిజిస్ట్రేషన్ రోజు టేబుల్ దగ్గరికి వచ్చాను. నువ్వు ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో కమిటీ బ్యాడ్జీ పెట్టుకుని ఒఫీలియా. ఒక తెలుగు జంట వచ్చారు, సన్నీవేల్ అపార్ట్‌మెంట్ల నుంచి, ముద్దుగా రెండు పిలకలేసిన పాపతో. భాష ప్రశ్న దగ్గర ఆ అమ్మాయి పెన్ను ఆగింది. భర్త మనకు తెలుగు రాదనుకుని గొంతు తగ్గించి అన్నాడు: "ఇంగ్లీష్ అని రాసెయ్. ఆఫీస్ గ్రూప్‌లో అందరూ అదే చెప్పిండ్రు. తెలుగు అని పెడితే ఫస్ట్ డేనే ఇరుక్కుంటం."

నువ్వు నా వైపు తిరిగి మెల్లగా అన్నావు: "ఆంటీ, మా మమ్మీ కూడా ఇంగ్లీష్ అనే రాసింది అంట. అందుకే నాకు తెలుగు ఇంతే వచ్చింది, కదా?"

దానికి జవాబు ఇక్కడ రాస్తున్నాను. శ్రేయా వాళ్ళ అమ్మగారూ, అది మీ తప్పు కాదు. నేనూ రాశాను. భయపడే రాశాం.

ఒఫీలియా ఏమంటున్నారని అడిగింది. చెప్పాను. ఆవిడ కుర్చీలో కొంచెం ముందుకు జరిగి, తన ఇంగ్లీష్‌లో, ఎవరి సాయం లేకుండా ఆ అమ్మాయితో మాట్లాడింది.

"మేడమ్, ఇంట్లో పాపతో ఏ భాష?"

"తెలుగు" అంది ఆ అమ్మాయి.

"అదే రాయండి. టెస్ట్ పెడతారు. పాప సిగ్గుపడితే లిస్టులో వేస్తారు. పర్వాలేదు. ప్రతి సంవత్సరం మీరు వచ్చి అడగాలి. నా కూతురు తొమ్మిదేళ్ళు ఉంది, నాకు తెలియక. ఇప్పుడు యూనివర్సిటీలో పక్షుల గురించి చదువుతోంది. ఇప్పటికీ నాతో స్పానిషే మాట్లాడుతుంది."

భర్త ఏదో అనబోయాడు. ఆ అమ్మాయి అతని వైపు చూడకుండా తెలుగు అని రాసింది.

"మొదటిసారి అడగడానికి భయంగా ఉంటుంది" అంది ఒఫీలియా. "నేను మీతో వస్తాను."

తర్వాత నా చేతిలోని పెన్ను తీసుకుని, ఆఫీసు ఫ్లయర్ వెనక్కి తిప్పి, దాని మీద తన ఫోన్ నంబర్ రాసి ఆ అమ్మాయికి ఇచ్చింది.